తీగలో ప్రయాణించేది ఏమిటి? సమాచార ప్రసారంపై విద్యార్థుల అపోహలు



టెలికమ్యూనికేషన్లు, కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠాలు చదివేటప్పుడు విద్యార్థుల మనసులో నాటుకుపోయే కొన్ని అపోహల గురించి ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. బ్యాండ్‌విడ్త్ అంటే ఏమిటి, ప్యాకెట్ అంటే ఏమిటి అని అడిగితే మీలో చాలామంది తడుముకోకుండా నిర్వచనం చెప్పగలరు. అయితే ఆ నిర్వచనం వెనుక మనసులో ఒక బొమ్మ కూడా ఉంటుంది. ఆ బొమ్మను ఎవరూ అడగరు, దానికి మార్కులు లేవు. అందువల్ల ఇంజనీరింగ్ పూర్తిచేసినవారిలో కూడా అది చెక్కుచెదరకుండా మిగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ బొమ్మ ఇలా ఉంటుంది. ఇక్కడ నుంచి అక్కడికి ఒక గొట్టం ఉంది. నా మాట ఒక వస్తువు. ఈ చివర గొట్టంలో వేస్తాను, ఆ చివర బయటపడుతుంది. గొట్టం మంచిదైతే వస్తువు తొందరగా వెళుతుంది, గట్టిగా తోస్తే ఇంకా తొందరగా వెళుతుంది. మనం ఈ రోజు చెప్పుకోబోయే అపోహలన్నీ దాదాపుగా ఈ ఒక్క బొమ్మలోనుంచి పుట్టినవే.

దీన్ని పరీక్షించడానికి ఇప్పటి ఇంటర్నెట్ కంటే పాత తంతి బాగా ఉపయోగపడుతుంది. తంతిలో దాచినదేమీ లేదు. తీగ, బ్యాటరీ, మనిషి, అంతే. అందుకని మిమ్మల్ని ఒకసారి హౌరా తీసుకువెళతాను.

శిబ్‌పూర్ తోటలో తీగలు

తెలుగువారికి హౌరా అనగానే ముందు రైలు గుర్తుకొస్తుంది. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా, కోస్తా ఊళ్ల మీదుగా మద్రాసు మెయిల్ చివరకు చేరేది అక్కడికే. ఆ స్టేషన్‌కు దక్షిణంగా, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున శిబ్‌పూర్ ఉంది. ఈస్టిండియా కంపెనీ 1787లో స్థాపించిన వృక్షశాస్త్ర ఉద్యానవనం అక్కడే ఉంది. అందులోని పెద్ద మర్రిచెట్టును చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ తోటకే సమాచార ప్రసార చరిత్రలోనూ చోటు ఉందన్న సంగతి తెలిసినవారు తక్కువ.

1839లో విలియం ఓషానెసీ అనే వైద్యుడు ఇక్కడ విద్యుత్ తంతి ప్రయోగం చేశాడు. ఆయన కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించేవాడు. అంతకు కొన్నేళ్ల ముందే, కలరా రోగుల రక్తంలో నీరూ లవణాలూ తగ్గిపోతాయని కనిపెట్టి, ఈ రోజు మనం సెలైన్ అంటున్న వైద్యానికి పునాది వేసినవాడు కూడా ఆయనే. వెదురు స్తంభాల మీద ఇనుప తీగను ముందుకూ వెనక్కూ వరుసలుగా కట్టి, 13 మైళ్లకు మించిన పొడవు తీసుకొచ్చాడు. అమెరికాలో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగ వేసి సందేశం పంపింది 1844లో. అంటే దానికి ఐదేళ్ల ముందు మాట ఇది.

ఓషానెసీ మొదటి ఏర్పాటులో అవతలి మనిషికి అక్షరం కనిపించదు, చప్పుడు వినిపించదు. వేలికి చిన్న షాక్ తగులుతుంది. రెండు చివరలా ఒకే సమయం చూపే గడియారాలు ఉంటాయి. షాక్ ఏ క్షణంలో తగిలిందో గడియారం చూసి, అది ఏ అక్షరమో గుర్తించాలి. ఈ గడియారాల సంగతి మనసులో ఉంచుకోండి. దానితో మనకు తర్వాత పని ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. తోటలో ఈ చివర నుంచి ఆ చివరకు చేరినదేమిటి? తరగతిలో అడిగితే "ఎలక్ట్రాన్లు" అని వెంటనే జవాబు వస్తుంది. బ్యాటరీ దగ్గర బయలుదేరిన ఎలక్ట్రాన్ పరుగెత్తుకుంటూ వెళ్లి అవతలి మనిషి వేలిని తాకిందని వారి ఊహ. ఇంటర్ భౌతికశాస్త్రంలో మీరు అపసర వేగానికి సూత్రం నేర్చుకున్నారు. దాన్ని ఒక్కసారి వాడి చూద్దాం. చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ ప్రవాహం ఉంటే, ఎలక్ట్రాన్ల అపసర వేగం సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు వస్తుంది. చీమ దీనికంటే ఎన్నో రెట్లు నయం. ఈ లెక్కన ఎలక్ట్రాన్ ఒక కిలోమీటరు దాటడానికి ఐదు నెలలకు పైగా పడుతుంది. హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు రైలుదారిన 115 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లేసరికి దాదాపు యాభై ఏళ్లు గడుస్తాయి. పంపినవాడు ఉద్యోగ విరమణ చేసి మనవలను ఎత్తుకుంటూ ఉంటాడు!

మరి వేలికి షాక్ వెంటనే ఎందుకు తగిలింది? తీగ ఖాళీ గొట్టం కాదు కాబట్టి. అది ముందే, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎలక్ట్రాన్లతో నిండి ఉంది. బ్యాటరీ కలపగానే ఈ చివర విద్యుత్ క్షేత్రంలో ఒక మార్పు వస్తుంది. ఆ మార్పు తీగ వెంబడి, కాంతి వేగంతో పోల్చదగినంత వేగంగా వ్యాపిస్తుంది. అవతలి వేలిని కదిలించేది అక్కడే ఉన్న ఎలక్ట్రాన్లు. పొలంలో నీళ్లు నిండి ఉన్న పైపు ఒక చివర మోటారు వేస్తే, రెండో చివర అప్పటికే అక్కడున్న నీరు బయటకు వస్తుంది కదా, అలాగన్నమాట. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపాలి. పైపులో ఒత్తిడిని మోసుకుపోయేది నీరు. తీగ విషయంలో మార్పును మోసుకుపోయే క్షేత్రం చాలావరకు తీగ చుట్టూ ఉన్న ప్రదేశంలో ఉంటుంది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో కాసేపట్లో చూస్తాం.

శిబ్‌పూర్‌లో ఇంకో ముచ్చట ఉంది. విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తికావాలి, అంటే తిరుగుదారి కావాలి. ఓషానెసీ ఆ దారిలో కొంత భాగానికి తీగకు బదులు హుగ్లీ నది నీటినే వాడుకున్నాడు. దీనికి ఏడాది ముందు, 1838లో, జర్మనీలో స్టైన్‌హైల్ నేలనే తిరుగుదారిగా వాడవచ్చని చూపించాడు. సందేశం ఒక వస్తువైతే దానికి పోవడానికి ఒక దారి చాలు. తిరుగుదారి ఎందుకు కావాలో గొట్టం బొమ్మ చెప్పలేదు. తరగతిలో "రెండో తీగ దేనికి సార్?" అని అడిగే విద్యార్థి నా దృష్టిలో తెలివైన విద్యార్థి. తన బొమ్మలో ఎక్కడో అతుకు కుదరలేదని అతనికి తెలిసింది.

కంపెనీ ప్రభుత్వం ఈ ప్రయోగాన్ని పదేళ్లకు పైగా పట్టించుకోలేదు. గవర్నర్ జనరల్ డల్హౌసీ వచ్చాక, 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య లైనుకు అనుమతి దొరికింది. 1854కల్లా కలకత్తా నుంచి ఆగ్రాకు, 800 మైళ్ల దూరం, తంతి వెళ్లింది. 1855లో ప్రజలకూ ఆ సౌకర్యం ఇచ్చారు. ఆ సేవ 2013 జూలైలో ముగిసింది. ఈ తరం పిల్లలకు టెలిగ్రామ్ అంటే ఫోనులో ఒక యాప్ మాత్రమే!

గట్టిగా తోస్తే తొందరగా వెళుతుందా?

వోల్టేజి పెంచితే సంకేతం వేగంగా చేరుతుందని, లేదా కనీసం స్పష్టంగా చేరుతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. దీనికి వారిని తప్పుపట్టలేం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఖరీదైన తీగ బాధ్యత చూసినవాడు కూడా ఇలాగే అనుకున్నాడు.

1858 ఆగస్టులో ఐర్లండ్, న్యూఫౌండ్‌లాండ్‌ల మధ్య అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి కేబుల్ వేశారు. కంపెనీ తరఫున విద్యుత్ వ్యవహారాలు చూసినవాడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్. ఓషానెసీలాగే ఈయన కూడా వృత్తిరీత్యా వైద్యుడే. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన సందేశం వంద మాటలు కూడా లేదు. అది చేరడానికి 16 గంటలు పట్టింది. ఎందుకు? సంకేతం దారిలో నెమ్మదిగా నడిచిందనా? కాదు. సముద్రపు కేబుల్‌లో మధ్య రాగి ఉంది, దాని చుట్టూ గట్టాపర్చా అనే బంధక పదార్థం ఉంది, బయట ఉప్పునీరు ఉంది. మధ్యలో బంధకం, రెండు వైపులా వాహకాలు. ఈ వర్ణన మీకు దేన్ని గుర్తుచేస్తోంది? కెపాసిటర్‌ను. వేల కిలోమీటర్ల పొడవున్న కెపాసిటర్ అది. ఈ చివర చురుక్కున కొట్టిన సంకేతం ఆ చివర మెల్లగా పొంగి మెల్లగా తగ్గే అలలా తేలుతుంది. దాని వెనుక వచ్చిన రెండో సంకేతం మొదటి దానిలో కలిసిపోతుంది. కాబట్టి ఒక్కొక్క సంకేతం మధ్య చాలాసేపు ఆగాలి.

ఈ సంగతిని విలియం థామ్సన్ 1850లలోనే గణితంతో చూపించాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైనది ఈయనే. కేబుల్ పొడవు రెట్టింపైతే ఈ జాప్యం నాలుగు రెట్లవుతుందని ఆయన లెక్క. మందమైన రాగి, మంచి బంధకం, చిన్న ప్రవాహాన్ని కూడా గుర్తించే సున్నితమైన గాల్వనోమీటర్ కావాలన్నాడు. వైట్‌హౌస్ మాత్రం గట్టిగా తోయాలనుకున్నాడు. పెద్ద ప్రేరణ చుట్టలతో సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే బలహీనంగా ఉన్న బంధకం దెబ్బతింది. కేబుల్ పనిచేసింది నెల రోజులు కూడా కాదు. అట్లాంటిక్ మీదుగా నిలకడైన తంతి మళ్లీ రావడానికి 1866 దాకా ఆగవలసి వచ్చింది.

గొట్టంలో వస్తువు అనుకున్నవాడికి తోపు పెంచాలనిపించడం సహజం. తీగ చుట్టూ ఉన్న క్షేత్రాన్ని, అందులో నిలవ ఉండే ఆవేశాన్ని చూసినవాడికి అలా అనిపించదు. హౌరా స్టేషన్ పెద్ద హాలులో ప్రకటన అర్థం కాకపోతే మైకు శబ్దం పెంచి ప్రయోజనం లేదు. ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. మాటకూ మాటకూ మధ్య ఆగి చెప్పాలి.

1948లో క్లాడ్ షానన్ ఈ విషయాన్ని సాధారణ సూత్రంగా తీర్చాడు. మార్గం సామర్థ్యం బ్యాండ్‌విడ్త్ మీద నేరుగా, సంకేత శక్తి మీద సంవర్గమాన రూపంలో ఆధారపడుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, రొద కంటే సంకేతం ఎంతో బలంగా ఉన్నచోట శక్తిని రెట్టింపు చేసినా, ప్రతి హెర్ట్జ్‌కు సెకనుకు ఒక్క బిట్ మాత్రమే అదనంగా దొరుకుతుంది.

వేగం అనే మాటతో వచ్చిన చిక్కు

ఇక అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ దగ్గరికి వద్దాం. "మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ నెట్, వాళ్ల ఇంట్లో 20 ఎంబీపీఎస్. కాబట్టి మా సమాచారం వాళ్లదానికంటే ఐదు రెట్ల వేగంతో ప్రయాణిస్తుంది." ఈ మాటలో మొదటి వాక్యం నిజం, రెండోది పూర్తిగా తప్పు. రెండు ఇళ్లలోనూ ఆప్టికల్ ఫైబర్ ఉంటే, రెండింటిలోనూ కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతోనే పోతుంది. ఎంబీపీఎస్ అనేది సెకనుకు ఎన్ని బిట్లు ఎక్కించగలమో చెప్పే లెక్క. అది సామర్థ్యం. మొదటి బిట్ అవతలకు చేరడానికి పట్టే కాలం వేరు, దాన్ని జాప్యం అంటాం. ప్రకటనల్లో రెండింటికీ వేగం అనే ఒకే మాట వాడటం వల్ల ఈ గందరగోళం వచ్చింది.

ఒక లెక్క చేద్దాం. హౌరా, చెన్నైల మధ్య రైలుదారి పొడవు సుమారు 1,660 కిలోమీటర్లు. ఆ దారి వెంట ఫైబర్ ఉందనుకుంటే కాంతి అంత దూరం పోవడానికి 8 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. ఇప్పుడు అదే దారిలో మద్రాసు మెయిల్‌లో, ఒక్కొక్కటి ఒక టెరాబైట్ ఉన్న వెయ్యి హార్డ్ డిస్కులు పెట్టెల్లో కట్టి పంపుదాం. ప్రయాణం 28 గంటలు అనుకుందాం. మొత్తం బిట్లు 8 పక్కన 15 సున్నాలు. కాలం 1,00,800 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 79 గిగాబిట్లు! మీ ఇంటి కనెక్షన్ కంటే ఆ సామాను పెట్టెలు వందల రెట్లు ఎక్కువ సామర్థ్యం గల మార్గం. అయినా ఆ మార్గంలో "హలో" అంటే జవాబు రావడానికి రానూ పోనూ 56 గంటలు పడుతుంది.

సామర్థ్యం, జాప్యం వేర్వేరని దీన్నిబట్టి తెలుస్తోంది. సినిమా దించుకోవడానికి సామర్థ్యం ముఖ్యం. ఫోను సంభాషణకు, వీడియోలో డాక్టరుతో మాట్లాడటానికి, ఆటలకు జాప్యం ముఖ్యం. వీడియో కాల్‌లో మాటలు ఆలస్యమవుతున్నాయని ఎక్కువ ఎంబీపీఎస్‌కు డబ్బు కట్టి, ఏ తేడా లేక నిరాశపడేవారు ఎందరో ఉన్నారు. లైను నిండిపోవడం వల్ల ఆలస్యమైతే ఆ డబ్బుకు ఫలితం దక్కుతుంది. దూరం వల్లనో, మధ్యలోని పరికరాల వల్లనో అయితే దక్కదు. ఇంకో చిన్న సంగతి. 100 ఎంబీపీఎస్‌లో బి అంటే బిట్, బైట్ కాదు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. కంపెనీ మోసం చేసిందని పోట్లాడే ముందు ఈ భాగహారం చేసుకోండి.

జాప్యం తెలిస్తే ఇంకో అపోహ కూడా దానంతటదే తొలగుతుంది. ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదుగా నడుస్తుందని మన దేశంలో చాలామంది నమ్మకం. టీవీ డిష్‌లు చూసి పెరిగినవాళ్లం కదా. 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్‌ను కూడా ప్రయోగించుకున్నాం. అలాంటి భూస్థిర ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి వెళ్లి కిందికి రావడానికే దాదాపు పావు సెకను పడుతుంది. ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే అర సెకను. టీవీ పాఠానికి ఇది అడ్డు కాదు, సంభాషణకు అడ్డే. తక్కువ ఎత్తులో, సుమారు 550 కిలోమీటర్లలో, తిరిగే కొత్త తరం ఉపగ్రహాల్లో ఈ చిక్కు లేదు. అయినా ఖండాల మధ్య సమాచారంలో అత్యధిక భాగం నడిచేది సముద్రం అడుగున ఉన్న ఫైబర్ కేబుళ్లలోనే. 2002 నుంచి చెన్నై, సింగపూర్‌ల మధ్య అలాంటి కేబుల్ ఉంది. 2008 జనవరి చివరలో ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది. ఉపగ్రహాల మీదే నడిచేదయితే అలా జరగదు కదా.

తీగ లేనిచోట

రేడియో తరంగాలను ధ్వని తరంగాలుగా భావించడం చిన్న తరగతుల్లోనే కాదు, డిగ్రీలో కూడా కనిపిస్తుంది. రేడియోలో పాట వినిపిస్తుంది కాబట్టి గాలిలో పాటే వస్తోందని అనుకుంటారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీ గొంతు హౌరా నుంచి చెన్నైకి ధ్వనిగానే వెళ్లగలిగినా గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఫోనులో మీ గొంతు మైకు దాకానే ధ్వని. ఆ తర్వాత అది ఎక్కడా ధ్వని కాదు, అవతలి స్పీకరు దాకా.

ఈ సంగతి కూడా కలకత్తాలోనే చూడవచ్చు. 1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్‌హాలులో, తీగ లేకుండా, గోడల అవతలికి విద్యుదయస్కాంత తరంగాలను పంపి గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. గోడ ధ్వనిని చాలావరకు ఆపుతుంది, ఆ తరంగాలను ఆపలేదు. గంట చప్పుడు గోడ దాటి వెళ్లిందా? లేదు. గంట ముందే అవతల ఉంది. దాన్ని మోగించే మార్పు మాత్రమే దాటింది. శిబ్‌పూర్‌లో వేలి దగ్గర ముందే ఉన్న ఎలక్ట్రాన్ల కథే ఇది. శిబ్‌పూర్ తోటకు 2009లో పెట్టిన పేరు కూడా ఈ ఆచార్య జగదీశ్ చంద్ర బోస్‌దే.

సరిగ్గా వందేళ్ల తర్వాత, 1995 జూలై 31న, ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. మన దేశంలో మొదటి మొబైల్ సంభాషణగా దాన్ని చెప్పుకుంటాం. ఆ ఫోను తరంగాలు ఢిల్లీ దాకా వెళ్లలేదు. దగ్గరలోని టవరు దాకా వెళ్లాయి. అక్కడి నుంచి మిగతా దారి మామూలు టెలిఫోను వ్యవస్థది. ఈ రోజు రైలులో పై బెర్తు మీదున్న స్నేహితుడికి కింది బెర్తు నుంచి ఫోను చేసినా మాట ముందు టవరుకే పోతుంది. మొబైల్ ఫోను తీగ లేని ఫోను అనుకుంటాం కానీ తీగ లేనిది చివరి కాస్త దూరమే.

ముక్కలైన సందేశం

ప్యాకెట్ల గురించి ఎక్కువ చెప్పను, మీ పుస్తకాల్లో బాగానే ఉంది. టెలిఫోను పాత పద్ధతిలో ఇద్దరి మధ్య ఒక దారి మొత్తం వారికే కేటాయించేవారు. కంప్యూటర్ నెట్‌వర్కులో సందేశాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద చిరునామా, వరుస సంఖ్య రాసి వదులుతారు. 1960లలో అమెరికాలో పాల్ బరాన్, ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్ విడివిడిగా ఈ ఆలోచన చేశారు. పెద్ద పెళ్లిబృందం ఒకే బోగీ దొరక్క, దొరికిన బోగీల్లో సర్దుకుని, దిగాక లెక్క చూసుకున్నట్టు. ఎవరైనా తప్పిపోతే? రైలులో అయితే వెతకాలి. నెట్‌వర్కులో ఆ ముక్కను మళ్లీ పంపమంటారు, ఎందుకంటే పంపినవారి దగ్గర అసలు అలాగే ఉంది. పంపడమంటే ఇక్కడ నకలు తీయడమే. మీరు పంపిన ఫోటో మీ ఫోనులోంచి పోదు. అందుకే ఒకసారి పంపినదాన్ని మీ దగ్గర చెరిపేసినంత మాత్రాన అవతల చెరిగిపోదు. మూడు మెగాబైట్ల ఫోటో అయితే ఒక్కొక్కటి 1,500 బైట్ల చొప్పున సుమారు 2,000 ముక్కలవుతుంది.

పుస్తకాల్లోని బొమ్మలు ఇక్కడ ఒక కొత్త అపోహను కల్పిస్తున్నాయి. ఒకే సందేశంలోని ముక్కలు తలా ఒక దారిన, ఒకటి ముంబయి మీదుగా, ఒకటి చెన్నై మీదుగా పోతున్నట్టు గీస్తారు. అలా పోగలవు, నిజమే. కానీ మామూలు రోజున ఒక సంభాషణలోని ముక్కలు చాలావరకు ఒకే దారిన వెళతాయి. దారి తెగినప్పుడు మరో దారి పట్టగలగడమే ఆ పద్ధతి గొప్పతనం.

ఒప్పందంలో ఉన్న అర్థం

ఇప్పుడు శిబ్‌పూర్ గడియారాల దగ్గరికి వెళదాం. అక్కడ తీగలో వచ్చే షాక్ ఎప్పుడూ ఒకటే. అది ఒక క్షణంలో వస్తే ఒక అక్షరం, ఇంకో క్షణంలో వస్తే ఇంకో అక్షరం. ఒక గడియారం కాస్త వెనుకబడితే? షాక్ సరిగ్గానే చేరుతుంది, మాట మాత్రం మారిపోతుంది. తీగలో అక్షరం లేదు. ఇద్దరూ ముందుగా చేసుకున్న ఒప్పందంలో ఉంది. నెట్‌వర్కు భాషలో దీన్నే ప్రోటోకాల్ అంటాం. చాలామంది విద్యార్థులు ప్రోటోకాల్‌ను ఏదో ఒక యంత్రమనో, సాఫ్ట్‌వేర్ పేరనో అనుకుంటారు.

మన "అమ్మ"నే తీసుకోండి. కంటికి రెండక్షరాలు. యూనికోడ్ ఒప్పందంలో ఇది నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్లీ మ. అ సంఖ్య 3077. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొత్తం 12 బైట్లు, 96 బిట్లు. ఆ 96 బిట్లూ ఒక్కటి కూడా తప్పకుండా చేరినా, అందుకున్న యంత్రానికి ఈ ఒప్పందం తెలియకపోతే తెర మీద డబ్బాలు కనిపిస్తాయి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగు 70 మాత్రమే పట్టడానికి కారణం కూడా ఇదే. సందేశానికి ఉన్న చోటు 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు, మనదానికి 16. భాగించి చూడండి.

డబ్బాలు కనిపిస్తే నవ్వుకుని ఊరుకోవచ్చు. అన్నిచోట్లా అలా కుదరదు. 2023 జూన్ 2న హౌరా షాలిమార్ నుంచి చెన్నైకి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర లూప్‌లైనులోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ రైలుకు మెయిన్‌లైనులో వెళ్లమని పచ్చదీపం ఉంది. పట్టాలు మాత్రం లూప్‌లైనుకు కలిసి ఉన్నాయి. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిన కారణం, సిగ్నల్ వలయాల్లో మార్పులు చేసినప్పుడు జరిగిన వైరింగ్ లోపాలు. పెట్టెలోని తీగల మీది పేర్లు కూడా తప్పుగా ఉన్నాయి. తీగల్లో విద్యుత్తు సక్రమంగానే ప్రవహించింది. ఏ తీగ ఏ సంగతి చెబుతోందన్న ఒప్పందం మాత్రం దెబ్బతింది. తెర మీద కనిపించే సూచన పట్టాల స్థితి కాదు, ఆ స్థితి గురించి వచ్చిన సందేశం మాత్రమే. సిగ్నల్ పనిలో, ఆసుపత్రి యంత్రాల పనిలో, విద్యుత్ కేంద్రాల్లో రేపు మీరే ఉంటారు. సందేశాన్నీ వస్తువునూ ఒకటిగా చూసే అలవాటు అక్కడ ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లోగాని, కళాశాల ప్రయోగశాలలోగాని కంప్యూటర్ ఉన్నవారు ఒక పని చేయండి. పింగ్ అనే ఆదేశం టైపు చేసి, పక్కన మీ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు పేరు ఇవ్వండి. ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో తెర మీద వస్తుంది. దాన్ని సగం చేసి 200తో హెచ్చించండి. ఆ యంత్రం మీకు ఎన్ని కిలోమీటర్లకు మించి దూరంలో ఉండదో తెలుస్తుంది, ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లే పోతుంది కాబట్టి. తర్వాత అమెరికాలోని ఏదైనా విశ్వవిద్యాలయం పేరు ఇవ్వండి. ఒక్కోసారి ఐదారు మిల్లీసెకన్లలోనే జవాబు వస్తుంది. లెక్క ప్రకారం ఆ యంత్రం 600 కిలోమీటర్లలోపే ఉండాలి. అమెరికా పేరున్న యంత్రం అంత దగ్గర ఎలా ఉందో మీ అధ్యాపకులతో చర్చించండి.